ఉప్పు తగిలిన నీలం

కోబాల్టు పొడి చూడ్డానికి నల్లగా ఉంటుంది. నీళ్ళూ జిగురూ కలిపితే బురద. దాంతో పళ్ళెం మీద గీత గీస్తే బొగ్గుముక్కతో గీసినట్టే ఉంటుంది. పైన గాజుపూత వేశామంటే ఆ గీత కూడా కనపడదు, పళ్ళెమంతా సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. అది పొయ్యిలోకి వెళ్ళి, రెండు రోజులు కాలి, ఇంకో రోజు చల్లారి బయటికి వచ్చాక గానీ నీలం కనిపించదు. తుప్పులా ఉండే ఎర్ర పొడి కాలాక గోధుమరంగు అవుతుంది. కాలకముందూ కాలాకా ఒకేలా ఉండేది క్రోమియం పచ్చ ఒక్కటే. దాన్ని మేం నిజాయితీపరుడని పిలిచేవాళ్ళం, దాని మీద ఎవరికీ పెద్ద మోజు ఉండేది కాదు.

ఇదంతా నాకు పందొమ్మిదో ఏట తెలిసింది. అరవైల ఆఖరు రోజులవి. విజయనగరం ఊరి చివర పింగాణీ పని నేర్పే ప్రభుత్వ కేంద్రం ఒకటుండేది. నాలుగు రేకుల షెడ్లు, మధ్యలో బొగ్గుతో కాల్చే పెద్ద పొయ్యి, దాని పక్కన ఎత్తుగా ఇటికల పొగగొట్టం. మాది శ్రీకాకుళం. పి.యు.సి. లెక్కల్లో తప్పి, ఇంట్లో అందరి మీదా చిరాకు పడుతూ కూర్చున్న నన్ను, విజయనగరంలో ఉండే మా పిన్ని తన దగ్గరికి తీసుకుపోయి అక్కడ చేర్పించింది. నా మొహం చూడలేక మా అమ్మ కూడా సరేనంది.

రంగుల గదిలో మేం ఆరుగురం ఆడపిల్లలం. ఏడాది శిక్షణ. ఏడాది చివర ఎవరి పళ్ళేలు బాగా వస్తే వాళ్ళొక్కరినే రంగులు వేసే ఉద్యోగంలో ఉంచుకుంటామని మొదటి రోజే చెప్పారు. మిగతావాళ్ళు సర్టిఫికెట్ పుచ్చుకుని ఇంటికి పోవాలి. ఆ ఒక్కర్తినీ నేనే అవ్వాలని మొదటి నెలలోనే పంతం పట్టాను. లేకపోతే మళ్ళీ శ్రీకాకుళం, మళ్ళీ అందరూ తిన్న కంచాలు తియ్యడం, అమ్మ తోడికోడలి తమ్ముడెవరో చూసుకోడానికి వస్తాడంటే తలంటు పోసుకుని కూర్చోడం. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

ఆ గదికి ఉత్తరం వైపు బారుగా కిటికీలుండేవి. వాటి కింద పొడుగాటి బల్ల. బల్ల మీద ఒకసారి కాల్చిన, ఇంకా పూత వెయ్యని మట్టి పళ్ళేలు. వాటిని బిస్కెట్ అనేవారు. నాలిక ఆనిస్తే నాలికని పట్టేసుకునేవి. కుంచె ఆనించినా అంతే, రంగుని గుటుక్కున పీల్చేసేవి. తప్పు గీత గీస్తే చెరపడానికి ఉండదు. కలకత్తా నుంచి వచ్చే రంగు డబ్బాలు తాళం వేసిన బీరువాలో ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా తుమ్మజిగురు వాసన తగిలితే నేను ఉన్నచోట ఉండలేను. ఆ గది మీద పెట్టుకున్నంత బెంగ నేను పుట్టింటి మీద కూడా పెట్టుకోలేదు.

ఆ గదిలో బల్ల దగ్గర కాక నేల మీద కూర్చునే మనిషి ఒకావిడ ఉండేది. రంగులు నూరే మామ్మ. అరవై దాటి ఉంటాయి. ఊరు భావనపాడు. చిన్నప్పుడు అక్కడి ఉప్పు మడుల్లో ఉప్పు లాగేదిట. కూతుర్ని విజయనగరంలో జూట్ మిల్లు పనివాడికి ఇచ్చి, తనూ ఆ కూతురింట్లోనే ఉండేది. అల్లుడి ఇంట ఊరికే కూర్చుని తినడం నామోషీ అని రోజుకూలికి ఈ పనిలో చేరింది. పొద్దున్న వచ్చి రాతి కల్వం ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే సాయంత్రం దాకా నూరుడే. నాలుగు గంటలు నూరమంటే ఆరు గంటలు నూరేది. నూరిన రంగుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పామి, కళ్ళు మూసుకునేది.

"ఏలుకి తగల్నేదంటే అయినట్టు. తగిలిందంటే ఇంకా నూరాల," అనేది.

మాస్టారు చెప్పిన పాఠాలు నా నోటుపుస్తకం నిండా ఉండేవి. ఆయనది రాజమండ్రి వైపు, మంచి మనిషి, కానీ బోర్డు వైపు తిరిగి చెప్పేవారు. రంగు గురించి నాకు నిజంగా తెలిసిందంతా ఆ మామ్మ వేళ్ళ దగ్గర తెలిసింది. ఆవిడకి కోబాల్టు పేరు పలకదు, నల్లపొడి అనేది. మాంగనీసుని వంకాయపొడి అనేది. అవి కాలాక ఏ రంగు తిరుగుతాయో తెలుసు గనక ఆ పేర్లు పెట్టింది. మేమంతా పొడిని చూసి రంగు ఎంచుకుని బోల్తా పడితే, ఆవిడ మాత్రం కాలిన మచ్చుబిళ్ళని చూపిస్తే తప్ప ఏ రంగునీ రంగని ఒప్పుకునేది కాదు.

నన్నెందుకు దగ్గరికి తీసిందో తెలీదు. నేనేమీ మెత్తటి మనిషిని కాను. ఒకసారి రంగులో ఇసుక తగిలిందని ఆవిడ మీద కసిరాను కూడా. మర్నాడు అదే రంగు మళ్ళీ నూరి నా ముందు పెట్టి, కోపం దిగిందా లేదా అని నా మొహంలోకి చూసింది. అప్పటి నుంచి మధ్యాహ్నం క్యారేజీ విప్పితే నా అన్నంలో తన ఎండుచేపల పులుసు పడేది. పిన్ని ఇంట్లో చేప తినరు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండేది.

ఏడాది చివరికొచ్చింది. ఆఖరి కాల్పుకి ఒక్కొక్కరం మూడేసి పళ్ళేలు పెట్టాలి. బొమ్మా రంగూ ఎవరివి వాళ్ళే ఎంచుకోవాలి. మిగతా ఐదుగురూ గులాబీలూ నెమళ్ళూ మొదలుపెట్టారు. నేను అంచు చుట్టూ చేపల బారు వేద్దామనుకున్నాను, ఒకే ఒక్క రంగులో. ఆ రంగు దగ్గరే అసలు కథంతా నడిచింది.

మామ్మ సముద్రం గురించి చెప్పేది. నేను శ్రీకాకుళం దానిని, నాగావళి చూశాను గానీ ఆవిడ ఊరి సముద్రం ఎన్నడూ చూడలేదు. పొద్దున్న వల లాగేశాక, ఎండ బాగా ఎక్కకముందు, ఒడ్డుకి కాస్త అవతల నీళ్ళ రంగొకటి ఉంటుందని చెప్పేది. నీలమా అంటే కాదనేది, పచ్చా అంటే కాదనేది. విజయనగరంలో నీళ్ళన్నీ బావిలోనే ఉన్నాయని, పైనుంచి చూస్తే తన మొహమే కనపడుతుంది గానీ నీళ్ళు కనపడవని విసుక్కునేది. ఊరి మీద బెంగతో అంటోందని నాకు తెలుసు. ఆ రంగు నేను తీస్తానన్నాను.

త్రాసులో రవంత రవంత తూచి కలిపాను. ఉత్త కోబాల్టు మచ్చుబిళ్ళ కాలి వచ్చింది. మామ్మ దాన్ని వెలుగులో తిప్పి చూసింది. "ఇది కాదమ్మా. ఇది బట్టలకేసే నీలిమందు," అంది.

మాంగనీసు కలిపితే వంకాయ వైపు పోయింది. పచ్చ నిజాయితీపరుణ్ణి కాస్త కలిపితే నెమలి మెడ వచ్చింది; నా తోటి పిల్లలు ఎగబడ్డారు గానీ మామ్మ తల అడ్డంగా ఊపింది. ఇనుము కలిపితే మసకబడింది. తెల్లమట్టి కలిపితే వెలిసిన గుడ్డలా వచ్చింది. వారానికొకసారి కాల్పు, కాల్పుకి రెండో మూడో బిళ్ళలు, ప్రతి బిళ్ళ వెనకా ఏది ఎంత కలిపానో అంకెలు. ప్రతి కాల్పు రోజూ నాకు అన్నం సహించేది కాదు. పదకొండో బిళ్ళ పొయ్యిలోంచి ఇంకా వేడిగా ఉండగానే కొంగుతో పట్టుకుని తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వెలుగులో తిప్పి చూసి, చెంపకి ఆనించుకుంది.

మూడు పళ్ళేలు వేశాను. చేపల తోకలు మామ్మ రెండుసార్లు తప్పుపట్టి దిద్దించింది. వారం రోజులు అవి బల్ల మీద ఆరుతుంటే వచ్చినవాళ్ళంతా వాటినే చూశారు. ఇంకా పూత వెయ్యని నల్లటి గీతలే, అయినా ఆగి చూశారు. సూపరింటెండెంటు గారు చూశారు. గుమాస్తా చూశాడు. తోటి పిల్లల్లో ఒకర్తె, ఉద్యోగం నీదేలే, ఇంక మేమెందుకు కుంచె పట్టుకోవడమని నవ్వుతూనే అంది. మామ్మ కల్వం దగ్గర నూరడం ఆపి ఆ పిల్ల వంక చూసింది. నేను అప్పుడు పట్టించుకోలేదు.

మామూలుగా పళ్ళేలకి మసీ బూడిదా తగలకుండా వాటిని మూతలున్న మట్టి పెట్టెల్లో పెట్టి పొయ్యిలో పేరుస్తారు. ఆ విడత రెండు పెట్టెలు పగిలాయి. ముందు వరసలో, మంటకి దగ్గరగా, కొన్ని పళ్ళేలు పెట్టె లేకుండా పెట్టాల్సి వచ్చింది. నావి పెట్టండి మాస్టారూ అన్నది నేనే. నా నీలానికి వేడి ఎక్కువ తగిలితే ఇంకా లోతు వస్తుందని నా లెక్క. ఆయన సరేనన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం పొయ్యి లోపలంతా నారింజరంగు. సాయంత్రానికి కాల్పు పూర్తవుతుందని చెప్పి మాస్టారు భోజనానికి ఇంటికి వెళ్ళారు. బొగ్గు వేసే మనిషి చెయ్యి కడుక్కుని చెట్టు కిందికి పోయాడు. పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే, కన్నంలోంచి చూస్తూ. మామ్మ వచ్చింది. ఒక చేతిలో ఎండుమిరపకాయలు, కొంగులో ఉప్పు. మన కొట్టు ఉప్పు కాదు. ఊరు వెళ్ళినప్పుడల్లా బుట్టెడు తెచ్చుకునేది, శనగగింజలంత గళ్ళు. నన్ను తూర్పు మొహంగా నిలబెట్టింది. నవ్వొచ్చింది గానీ నిలబడ్డాను. ఇంట్లో మా అమ్మ తీస్తే విసుక్కునేదాన్ని. ఈవిడ తీస్తుంటే కదలబుద్ధి కాలేదు. మూడుసార్లు నా చుట్టూ తిప్పి, మూడుసార్లు పొయ్యి వైపు తిప్పి, గుప్పిటలోది మంటలోకి విసిరింది. ఉప్పు చిటపటమంది.

దిష్టి తీసిన మిరపకాయ మంటలో పడితే ఘాటు రావాలి, దగ్గు రావాలి. ఏమీ రాలేదు. ఆ పొయ్యి గాలిని లోపలికి లాగుతుంది. మిరపకాయ ఘాటే కాదు, అందులో మనిషిని కాల్చినా వాసన బయటికి రాదు. అది మామ్మకి తెలీదు. ముక్కు ముందుకు చాచి రెండుసార్లు పీల్చింది. ఆవిడ మొహం మాడిపోయింది.

"సూసినావా, గోరంత ఘాటు రానేదు. ఎంత దిష్టి ఉన్నాదో నీ మీద," అంది.

గబగబా షెడ్డులోకి పోయి తన ఉప్పు బుట్టా, ఇంకో గుప్పెడు మిరపకాయలూ తెచ్చింది. నా చుట్టూ మళ్ళీ తిప్పింది. ఒక దోసెడు వేసి వాసన చూసింది. రాలేదు. ఇంకో దోసెడు. ఎంత వేసినా ఘాటు రాలేదు. చివరికి బుట్ట బోర్లించేసింది. నేను తలెత్తి చూస్తే పొగగొట్టంలోంచి తెల్లటి పొగ దట్టంగా లేస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది: పరాయి దేశాల్లో జాడీల మీద మెరుపు రావడానికి మండే పొయ్యిలో ఉప్పు వేస్తారని, ఆ ఆవిరి తగిలితే మామూలు గాజుపూత కరిగి జారిపోతుందని, పొయ్యి ఇటికలు కూడా పాడవుతాయని మాస్టారు ఒకసారి బోర్డు వైపు తిరిగి చెప్పారు. మామ్మ నా బుగ్గలు రెండూ నిమిరి మెటికలు విరుచుకుని, ఇంక భయం లేదని చెప్పి, ఖాళీ బుట్ట పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే అప్పటికప్పుడు ఏమైనా చెయ్యగలిగేవారా అంటే, బహుశా లేదు. అయినా చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున్న పొయ్యి తలుపు ఇటికలు తీశారు. పెట్టెల్లో ఉన్న గులాబీలూ నెమళ్ళూ చాలావరకు బాగానే వచ్చాయి. నా మూడు పళ్ళేల మీదా పూత నారింజతొక్కలా గుంటలు పడి ఉంది. చేపలు లేవు. అంచు నుంచి లోపలికి నీలం కారిపోయి మధ్యలో మడుగు కట్టింది. నాకు ఏడుపు రాలేదు. ఆ ముసలావిడ మీద పట్టరానంత కోపం వచ్చింది. ఆ గంటసేపు నేను ఆవిడని నిజంగా అసహ్యించుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గంటని నేను క్షమించుకోలేకపోతున్నాను.

మాస్టారు పళ్ళెం మీద వేలు పెట్టి రుద్దారు, లోపలి గోడ ఇటికలు తడిమారు. ఇది ఉప్పు అన్నారు. సూపరింటెండెంటు గారికి కబురు వెళ్ళింది. అందర్నీ వరసగా నిలబెట్టి పొయ్యిలో ఉప్పు వేసిందెవరని అడిగారు. నేను నా కాళ్ళ వంక చూసుకుంటున్నాను.

"నానే ఏసినాను బాబూ. దిష్టి తీసినాను," అంది మామ్మ. అందులో దాచాల్సిందేముందో ఆవిడకి తెలీదు, నా పళ్ళేలు ఆవిడ చూడనేలేదు.

"దిష్టా? ఎవరికి?" అన్నారు మాస్టారు.

మామ్మ నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో ఆవిడకి. నేను తలెత్తి, నాకేనండీ, నేను నిలబడి తీయించుకున్నానండీ అంటే చాలు. నోరు పెగల్లేదు. ఆ మాట అంటే ఉద్యోగం పోతుంది, ఆ గది పోతుంది. ఆవిడ చూపు తిప్పుకుంది.

"పొయ్యికి తీసినాను," అంది.

ఆ మధ్యాహ్నమే ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. లోపలి గోడంతా ఊడదీసి కట్టాలని, అయ్యే ఖర్చు ఎవరిస్తారని సూపరింటెండెంటు గారు చాలాసేపు అరిచారు. మామ్మ కల్వం కడిగి, బోర్లించి, నూరే బండ దాని మీద పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. నా వైపు చూడలేదు. కోపంతో కాదని నాకు తెలుసు. చూస్తే నాకు ఇబ్బందని చూడలేదు.

తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గేస్తుంది. ఉద్యోగం నాకే వచ్చింది. పళ్ళేలు పోయినా, నా పదకొండు మచ్చుబిళ్ళలూ వరసగా పేర్చి, వెనక రాసుకున్న అంకెలు చదివి, ఈ పిల్లకి రంగు తెలుసని మాస్టారు పైవాళ్ళకి రాశారు. ఒకటి కాదు, రెండు కాదు అని పది బిళ్ళల్ని తోసేసి పదకొండోదాన్ని పట్టుకున్న కళ్ళు ఎవరివో ఆయనకి తెలీదు. నేను చెప్పలేదు. అప్పటికి చెప్పకపోవడం నాకు అలవాటైపోయింది.

కొత్తగా వచ్చిన ఆవిడ నాలుగు గంటలంటే నాలుగు గంటలే నూరేది. అవే అంకెలు, అవే డబ్బాలు. నీలం మాత్రం వచ్చేది కాదు. దగ్గర దగ్గరగా వచ్చేది. నేనే కూర్చుని నూరాను. వేళ్ళ మధ్య పామి కళ్ళు మూసుకునేదాన్ని. వేలికి ఇంకా తగులుతోందో లేదో నాకు అంతుపట్టేది కాదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే తినబుద్ధయ్యేది కాదు. ఎవరో తలుపు తోసుకుని వస్తే తల తిప్పి చూసేదాన్ని, ప్రతిసారీ వేరేవాళ్ళే. కోరుకున్న గదిలో, కోరుకున్న బల్ల దగ్గర కూర్చుని నేను ఒక రోజుకూలి మనిషి కోసం అలా ఎదురుచూశాను.

జూట్ మిల్లు వాడలో కూతురింటికి వెళ్ళాను. పని పోయిన పదిహేనో రోజునే అమ్మ ఊరికి వెళ్ళిపోయిందని చెప్పింది ఆ కూతురు. అల్లుడు ఒక్క మాట కూడా అనలేదుట. అనకముందే వెళ్ళిపోవాలని వెళ్ళిపోయిందిట. కూతురు నన్ను లోపలికి రమ్మనలేదు.

మూడు నెలలాగి, పిన్నికి అరసవల్లి దర్శనమని అబద్ధం చెప్పి, పాసింజరెక్కి నౌపడాలో దిగాను. అక్కడినుంచి ఒక బండివాడు భావనపాడు దారిలో ఉప్పు మడుల దాకా తీసుకెళ్ళాడు. వంగి ఉప్పు లాగుతున్న ఆడవాళ్ళలో ఆవిణ్ణి నేను గుర్తుపట్టలేదు, ఆవిడే నన్ను గుర్తుపట్టింది. కాళ్ళు మోకాళ్ళ దాకా పుండ్లు. ఉప్పు నీళ్ళలో నిలబడితే అంతేనంది. గట్టు మీద కూర్చోబెట్టి, ఉద్యోగం సంగతి అడిగింది. వచ్చిందన్నాను. మామ్మ రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది.

"మరి అంత దిష్టి తీసీసినాక రాకేటవుతాది," అంది.

నేను నిజం చెప్పడానికే వెళ్ళాను. ఆ రోజు నోరు విప్పనందుకు కాళ్ళ మీద పడదామని, పళ్ళేలు ఎలా వచ్చాయో చెబుదామని, దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆవిడ మొహంలో ఆ సంతోషం చూశాక అవేవీ బయటికి రాలేదు. తన వల్ల నాకు మంచి జరిగిందన్న నమ్మకం ఒక్కటే ఆవిడకి మిగిలిందని అర్థమైంది. ఎండుచేపల పొట్లం తెచ్చి నా సంచిలో కుక్కింది. బండి దాకా వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక, బండి చక్రం మీద చెయ్యి వేసి, అప్పటిదాకా అడగలేక ఆగినట్టు మెల్లిగా అడిగింది.

"నన్నేటైనా రమ్మన్నారేటమ్మా, మాస్టారు?"

లేదనడం నావల్ల కాలేదు. రమ్మంటారు మామ్మా, నేను కబురు చేస్తాను అన్నాను. ఆవిడ తలూపి, కబురందితే ఆ రోజే బయల్దేరిపోతానని, మూట కట్టుకునే ఉంటానని చెప్పింది.

మాస్టారిని అడగాలంటే దిష్టి ఎవరికి తీసిందో ముందు చెప్పాలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నేను ఆ బల్ల దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. కబురు మాత్రం చెయ్యలేదు.